నలభై నిమిషాల దూరం

విమానాశ్రయంలో టికెట్ కౌంటర్ దగ్గర పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మా చెల్లెలు ఉండే ఊరికి ఎంతసేపని ఎవరడిగినా తడుముకోకుండా చెప్పేదాన్ని: "రెండు వందల పది కిలోమీటర్లండీ, నలభై నిమిషాలు. ఇలా ఎక్కి అలా దిగడమే." సీటు ఖాళీగా ఉంటే మాకు టికెట్ కూడా అక్కర్లేదు. అయినా ఇన్నేళ్లలో నేను వెళ్లింది రెండేసార్లు. దగ్గరే కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చులే అన్న ధీమా.

కిందటి నెల ఒక సోమవారం అది ఫోన్ చేసింది.

"అక్కా, శుక్రవారం నా గొంతు ఆపరేషన్. గడ్డతోపాటు మాట కూడా పోతుందట. ఈలోపు ఒక్కసారి వచ్చి వెళ్లు. నోరారా మాట్లాడుకుందాం."

"గురువారం పొద్దున్నే నీ ముందుంటాను" అన్నాను. బుధవారమే వెళ్లాల్సింది. నాతో పనిచేసే ఒకామె ఆ రోజు సెలవు కావాలంటే, మొహమాటానికి ఆమె డ్యూటీ కూడా నెత్తిన వేసుకున్నాను.

గురువారం పొగమంచు కమ్మేసింది. ఇదిగో తెరిపిస్తుంది, అదిగో తెరిపిస్తుంది అనుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నాను. ఒక్క విమానమూ లేవలేదు. చివరికి బస్సెక్కితే, కొండలన్నీ చుట్టి అక్కడికి చేరేసరికి తెల్లారింది. అప్పటికే దాన్ని లోపలికి తీసుకెళ్లిపోయారు.

మర్నాడు కళ్లు తెరిచి, నన్ను చూసి నవ్వింది. కాగితం అడిగి తీసుకుని, "ఏమైనా తిన్నావా?" అని రాసింది.

నాదే తప్పు చెల్లీ అందామనుకున్నాను. కానీ దాని చేతిలోని పెన్ను తీసుకుని, ఆ ప్రశ్న కిందే, తిన్నానని అబద్ధం రాశాను.