కార్డు పై మూల

సుశీల్ కుమార్ కార్డు చదివేసి, దాని మీదే టీ గ్లాసు పెట్టాడు. రెజీనా గబగబా వచ్చి గ్లాసు పక్కకు జరిపి, తడిని కొంగుతో అద్దింది. కార్డు ఆమె పేరున వచ్చింది. ఆమెకు వచ్చినవీ, ఆమె పంపేవీ ముందు ఆయన చదవడం కావలిలో ఈ ఇంట్లో కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. "పోస్టుకార్డే కదా, పోస్టుమాన్ చదివినాడు, నేను చదివితే తప్పొచ్చిందా?" అంటాడు. ఆ మాటకూ ఆమె సర్దుకుంది. సర్దుకోవడంలో ఆమెను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. పొద్దున్నే ఆయనకు దోసెలు, అత్తకు ఉప్పులేని ఇడ్లీలు చేసి, బడిలో అరవై మంది పిల్లలకు సోషల్ చెప్పి, సాయంత్రం తుమ్మలపెంట చేపలు తోమి, ఒంట్లో మిగిలిన ఓపికతో కార్డులు రాసుకుంటుంది.

పాత పోస్టుకార్డులు పోగుచేసేవాళ్ళ జట్టు ఒకటుంది, రెజీనా కూడా అందులో ఉంది. ఎవరి ఊరి పాత సంగతులు వాళ్ళు కార్డు మీద రాసి ఒకరికొకరు పంపుకుంటారు. ఎక్కడైనా పాత కార్డు దొరికితే అది ఏ ఊరిదో ఆ ఊరివాళ్ళకు చేరుస్తారు. అలా నెల క్రితం చిల్లకూరు నుంచి ఆ జట్టులోని క్యాథరిన్ అనే టీచరు పన్నెండు కార్డులు పంపింది. "మా అవ్వ పెట్టెలో దొరికినాయి అక్కా. ఆమె చెల్లెలు జయశీల పెళ్ళయి కావలికి పోయినాక రాసినవి. మీ వీధి పేరే ఉండాది వాటి మీద" అని ఫోనులో చెప్పింది. వీధే కాదు, ఇల్లూ ఇదే. జయశీల అంటే సుశీల్ కుమార్ నాయనమ్మ. 1949 నుంచి రెండేళ్ళలో రాసిన పన్నెండు కార్డుల్లోనూ అవే మాటలు: ఇక్కడ అందరూ క్షేమం, మామగారు కన్నకూతురిలా చూసుకుంటున్నారు. ప్రతి కార్డు కింద ఆ మామగారి ఎర్ర సిరా సంతకం. ఆయన చదివి సంతకం పెడితేనే కార్డు గడప దాటేది.

సుశీల్ కుమార్‌కు పట్టరాని సంతోషమైంది. వాళ్ళ చర్చి సంఘానికి నూరేళ్ళు నిండుతున్నాయి, ఆదివారం పండుగ. వచ్చే నెల కార్యదర్శి ఎన్నిక, అందులో ఆయనా నిలబడ్డాడు. "హాల్లో ఈ కార్డులు పెడదాం. మూడు తరాలుగా మా ఇంట్లో కోడలు కంటతడి పెట్టలేదని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాల? నువ్వే చదువు. ఆడగొంతైతే బాగుంటాది."

రెజీనా సరేనంది. అనక తప్పదు కాబట్టి కాదు, నిజంగానే సంబరపడి అంది. తన కార్డుల పిచ్చి ఇంట్లో ఒక పనికి వచ్చిందని పొంగిపోయింది కూడా. ఒక్కో కార్డు పక్కన పెట్టడానికి చిన్న చీటీ రాద్దామని కూర్చుంది. ఉత్తరం పై మూలన ఒక బైబిలు వాక్యం నంబరు వేయడం వాళ్ళ మనుషుల్లో పాత అలవాటు. పుస్తకం, అధ్యాయం, వచనం, అంతే. దీవెన వాక్యమే అయ్యుంటుందని ఎవరూ తీసి చూడరు. చీటీలో రాయాలి గనక రెజీనా తీసి చూసింది.

మొదటి కార్డు నంబరులో, తనను బయటికి రాకుండా మూసేశారని, ఏడ్చి ఏడ్చి కళ్ళు మసకబారాయని ఎవరో దేవుడికి మొరపెట్టుకుంటున్నారు. పొరపాటున వేసిందేమో అనుకుని రెండోది తీసింది. రాత్రీ పగలూ కన్నీళ్ళే అన్నమైపోయాయని ఉంది. మూడోది, మనిషికి పగవాళ్ళు సొంత ఇంటివాళ్ళేనని. పన్నెండూ తీసి చూసింది, ఒక్కటీ దీవెన వాక్యం కాదు. సంతకం పెట్టిన పెద్దమనిషి ఒక్క నంబరూ తీసి చూడలేదు. ఎందుకు చూస్తాడు? ఆ ఇంటి మగవాళ్ళకు గుడిలో ముందు వరస ఉంది, కమిటీ ఉంది. వాక్యం కంఠతా పట్టడం స్త్రీల సమాజం పని.

ఆ రోజు నుంచీ ఆమెకు ఇదే ఆలోచన. చెబితే ఆయన కార్డులు చించేస్తాడు. చెప్పకపోతే, అబద్ధానికి తానే గొంతు అరువిచ్చినట్టు. ఇవాళ్టి కార్డులో క్యాథరిన్ రాసింది చూస్తే ఇంకా గుబులు పుట్టింది. "నేనూ ఆదివారం వస్తున్నా అక్కా. నాలుగేళ్ళుగా నీ కార్డుల్లో ఊరి సంగతులన్నీ ఉంటాయి. నీ సంగతి అడిగితే మాత్రం, అందరం క్షేమం అంటావు."

"క్షేమం కాకపోతే ఏం రాస్తారంట?" అని నవ్వాడు సుశీల్ కుమార్. టీ తాగి, జయశీల కార్డులు ముందేసుకుని, "పైన ఈ అంకెలు కత్తిరించి ఫ్రేము కట్టిస్తే నీటుగా ఉంటాయి" అన్నాడు.

రెజీనా కార్డులు తన వైపు లాక్కుంది. "పాత కార్డుకి కత్తెర పెడితే విలువ పోతుందండీ. చూసినోళ్ళు నవ్వుతారు."

నవ్వుతారనే మాట పనిచేసింది. "అయితే వద్దులే. చదివేటప్పుడు మాత్రం అంకెలూ గింకెలూ వద్దు, విషయం చదువు. ఈ పండగ కానిచ్చి ఇంక ఈ కార్డుల యవ్వారం కట్టిపెట్టు."

మంచం మీద నుంచి అత్త రెబెక్కమ్మ వంత పాడింది. "కార్డులు రాసే చేత్తో ఇంత కారం కొట్టుకోవచ్చు కదా." రెజీనాకు అసలు భయం ఆమెతోనే. డెబ్భై రెండేళ్ళు, కళ్ళు సరిగా ఆనవు. కానీ వాక్యం నంబరు చెబితే చాలు, అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. జయశీల చేతి కింద ఇరవై ఏళ్ళు కోడలిగా మెలిగిన మనిషి. ఈ ఇంటి పరువంటే ప్రాణం ఇస్తుంది. ఒక్క నంబరు నోట్లోంచి జారితే అందరికంటే ముందు ఆమెకే తెలిసిపోతుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ హాల్లో చేరారు. కుడివైపు మగవాళ్ళు కుర్చీల్లో, ఎడమవైపు ఆడవాళ్ళు చాపల మీద. క్యాథరిన్ గోడవార కూర్చుంది. సుశీల్ కుమార్ మైకు పట్టుకుని తమ ఇంటి కోడళ్ళ అదృష్టం గురించి చాలాసేపు చెప్పాడు. "మా నాయనమ్మ, మా అమ్మ, ఇదిగో నా భార్య. అడగండి కావాలంటే" అన్నాడు. రెజీనాను ఎవరూ అడగలేదు. చప్పట్లు కొట్టారు.

మైకు చేతికొచ్చింది. అరచేతి చెమటకు కార్డు మెత్తబడుతోంది. ఆయన చెప్పినట్టు 'ప్రియమైన అక్కకు' అని మొదలుపెడితే పది నిమిషాల్లో అయిపోతుంది. ఇంటికెళ్ళి అన్నం వార్చుకోవచ్చు. కానీ ఆ ఎర్ర సంతకం పక్కన తన సంతకమూ పడినట్టే. వద్దు, అనుకుంది. ముందు పై మూలనున్న నంబరు చదివింది. ఆ తర్వాతే, "ప్రియమైన అక్కకు, ఇక్కడ అందరూ క్షేమం" అంది.

మగవాళ్ళు తలలూపారు. సుశీల్ కుమార్ పళ్ళ బిగువున, "అంకెలొద్దన్నానా" అన్నాడు. చాపల మీద ముందుగా స్త్రీల సమాజంలో పెద్దామె పిచ్చమ్మ విసనకర్ర ఆగింది. ఆమె పెదవుల్లోనే ఆ వాక్యం చెప్పుకుని, గుడ్లప్పగించి కార్డు వంక చూసింది. పక్కామెకు ఏదో చెప్పింది. పక్కామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

రెజీనా అత్త వైపు చూడలేక చూసింది. రెబెక్కమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఆమె పెదవులూ కదిలి, ఆగిపోయాయి. గోడ పట్టుకుని నెమ్మదిగా లేచింది. హాలంతా ఆమె వైపు తిరిగింది.

"రెజీనా, ఆ నంబరు మళ్ళా చదువు మ్మే" అంది. "వెనకున్న ఆడోళ్ళకి వినపళ్ళా."