నలభై ఒకటి పదిహేడు

పదిన్నరకి మరిది ఫోన్ చేశాడు. చెల్లెలి భర్త, నీటి సరఫరా ఇంజనీరు. నేను నీటి పరిశోధన కేంద్రంలో పరీక్షల ఫలితాలు భద్రపరుస్తాను. ఇంట్లో నా పేరు నంబరమ్మ.

“వదినా, మూసేసిన పాత బోరు మళ్లీ తెరుస్తున్నాం. పదకొండుకి మా కాలనీకి నీళ్లు! నెలల పాపతో మీ చెల్లి వారం నుంచి అల్లాడిపోతోంది.”

“పరీక్ష చేయించావా?”

“మళ్లీ ఎందుకు? పాత సర్వే రిపోర్టులో మీ నంబరు ఉందిగా, నలభై ఒకటి పదిహేడు. మీ సైటులో నొక్కి చూశా. అన్నీ పచ్చ టిక్కులే.”

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

పరీక్షకి మా దగ్గరికొచ్చే ప్రతి నీళ్ల సీసాకూ ఒక శాశ్వత నంబరు ఇస్తాం; అది నొక్కితే ఆ నీళ్ల ఫలితాల పేజీ తెరుచుకుంటుంది. ఒకసారి ఇచ్చామా, అది ఆ సీసాదే. బోరు మూసేసినా సరే, సంగతి ఆ పేజీలో రాసి ఉంచాలే తప్ప నంబరు ఇంకొకదానికి కట్టబెట్టకూడదు. కొత్తవాళ్లకి ఈ మాట నూరిపోసేది నేనే. అయినా రెండేళ్ల కిందట డైరెక్టరు, “బోరే లేదు, పేజీ ఎందుకమ్మా? తీసేసి ఆ నంబరు ఇంకోదానికి వాడేయండి,” అంటే తలాడించాను. ఆర్సెనిక్ విషం ఉన్న ఆ బోరు పేజీ చెరిపేసి, అదే నంబరు కొండ వాగు నీళ్లకిచ్చాను. నాకు బుద్ధి లేదూ!

“ఆపు! అది బోరు కాదు, వాగు! పైన రాసి ఉంది, చదవలేదా?”

“ఏంటి వదినా? పంపు హోరులో వినపడట్లేదు...” లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

చెల్లికి చేశాను. “బిందెలన్నీ కడిగి పెట్టుకున్నానక్కా,” అంది సంబరంగా.

“ఒక్క చుక్క తాగకండి! పాపకి పట్టకు!”

“ఏమైందే?”

“చెప్పింది చెయ్యవే తల్లీ!”

మరి మిగతా కాలనీ? కంట్రోల్ రూముకి చేశాను. అక్కడి ఆపరేటరు తాపీగా, “నోటిమాట మీద ఆపలేం మేడమ్. మీ పేజీలోనే నీళ్లు బాగున్నాయని ఉందిగా,” అన్నాడు. అది వాగు పేజీ అంటే, బోరు నీళ్లు చెడ్డవని రాతలో చూపించమన్నాడు. గడియారంలో పది నలభై రెండు.

డైరెక్టరు గదిలోకి పరుగెత్తి సంగతి చెప్పాను.

“గప్‌చుప్‌గా వాగు తీసేసి బోరు పెట్టేయండి,” అన్నాడాయన.

“రెండేళ్లుగా వాగు కోసం ఆ నంబరు రాసుకున్నవాళ్ల గతేంటి సార్? జరిగింది రాయాలి.”

“రాస్తే ముందు పోయేది మీ ఉద్యోగమే. ఆలోచించుకోండి.”

భయమేసింది, అబద్ధమెందుకు. అయినా బీరువాలోంచి పాత ఫైలు లాగి, కంప్యూటరు ముందు కూర్చున్నాను.

‘ఈ నంబరు పాత బోరుది. నీటిలో ఆర్సెనిక్ హద్దు దాటింది, తాగరాదు. రెండేళ్ల కిందట దీన్ని పొరపాటున వాగు నీళ్లకు ఇచ్చాను. వాగు ఫలితాలకు కొత్త నంబరు కింద ఉంది.’ ఆ కింద నా పేరు పెట్టాను. మళ్లీ చదువుతూ ఒక మాట దగ్గర ఆగాను. ‘పొరపాటున’ కొట్టేసి ‘తెలిసి’ అని రాశాను. పేజీని సైటులోకి ఎక్కించాను.

“ఇప్పుడు నొక్కి చూడు బాబూ,” అన్నాను ఆపరేటరుకి మళ్లీ ఫోన్ చేసి.

అవతల మౌస్ టక్కుమంది. తర్వాత ఎవరిమీదో అరిచాడు: “వాల్వు తిప్పకండి!” పది యాభై ఆరు. నేను కుర్చీలో వెనక్కి వాలి బావురుమన్నాను.

సాయంత్రం చెల్లి ఫోన్ చేసింది. “మీ మరిది ఆ పేజీ చూపించారక్కా. పాప పెద్దదై నొక్కినా అదే కనిపిస్తుందా?”

“అదేనే.”

“‘తెలిసి’ అన్న మాట కూడానా?”

“అదీ ఉంటుంది.”

అటువైపు పాప కేరింతలు వినిపిస్తున్నాయి.

“ఉండనీ అక్కా,” అంది. తర్వాత ఖాళీ బిందెలు ఒక్కొక్కటే బోర్లించిన చప్పుడు.