మొదట వచ్చిన జవాబు

డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ప్రమోదకు ఏ సందేహం వచ్చినా ఫోనే దిక్కు. ఎల్లారెడ్డి కాలేజీలో ఇచ్చే అసైన్‌మెంట్లన్నీ అందులో మొదట కనబడిన జవాబు చూసి రాసేసేది. రెండో జవాబు దాకా వెళ్లాల్సిన అవసరం ఎన్నడూ పడలేదు.

ఒక ఆదివారం వాళ్ల ఊరు నాగిరెడ్డిపేటలో, వరికి పురుగుల మందు కొడుతున్న ఆమె తండ్రి సాయన్న తూలుకుంటూ ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. నోటి వెంట చొంగ కారుతోంది.

"ఫోన్ల చూడు బిడ్డా, ఏం చెయ్యాల్నో!" తల్లి సాలవ్వ కేకపెట్టింది.

"పురుగుల మందు ఒంట్లకు పోతే ఏం చెయ్యాలె?" ప్రమోద ఫోన్‌ను అడిగింది. వెంటనే ఒక వీడియో వచ్చింది. లక్షల మంది చూసినది. ఉప్పునీళ్లు తాగించి కక్కించమని అందులో ఒకాయన ధీమాగా చెబుతున్నాడు. సాలవ్వ చెంబులో ఉప్పు కలిపి తెచ్చింది. ప్రమోద, తండ్రి తల ఎత్తిపట్టి, నోట్లో పోసింది. గుక్క దిగీ దిగకముందే ఆయనకు పొలమారింది. ఊపిరాడక ముఖం నల్లబడింది.

చెంబు పక్కన పడేసి ఆమె మళ్లీ ఫోన్ అందుకుంది. "బాపు మందు తాగలే, చేన్ల కొట్టిండు," అని ఈసారి విడమరిచి అడిగింది. వచ్చినదాన్ని చివరిదాకా చదివింది. కక్కించొద్దు. తడిసిన బట్టలు తీసెయ్యాలి, సబ్బుతో ఒళ్లు కడగాలి, మందు డబ్బా వెంటబెట్టుకుని ఆస్పత్రికి పోవాలి.

తల్లీకూతుళ్లు ఆదరాబాదరా ఆయన ఒళ్లు కడిగి, పక్కింటి కలీమ్ ఆటోలో ఎల్లారెడ్డికి తీసుకుపోయారు. అక్కడ సూదిమందు ఇచ్చి, అంబులెన్సులో కామారెడ్డికి పంపారు.

కామారెడ్డిలో డాక్టరమ్మ కృపారాణి ఆయన ఛాతీ పరీక్షించి తలెత్తింది. "నోట్లో ఏమన్నా పోసిండ్రా?"



"ఉప్పునీళ్లు, మేడం. ఫోన్ల చూసి నేనే పోసిన," అంది ప్రమోద.

డాక్టరమ్మ తిట్టలేదు. "ఊపిరితిత్తుల్లోకి పోయినట్టున్నయి. చెప్పినవు, మంచిదైంది," అని లోపలికి వెళ్లిపోయింది.

సాయన్న బతికాడు. కానీ పొలం గట్టు దాకా నడిస్తే చాలు, ఆయాసం. ఆ ఏడు కోతలు సాలవ్వే చూసుకుంది. జరిగినదాని ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఒక సాయంత్రం ప్రమోదే కదిలించింది.

"బాపూ, నా మీద కోపమున్నదా?"

సాయన్న దమ్ము తీసుకున్నాడు. "మూతికి గుడ్డ కట్టుకోకుండ కొట్టింది నేనే గద బిడ్డా."

ఆ మాటతో ఆమెకు ఊరట కలగలేదు. తండ్రి వీపు నిమురుతూ, ఊపిరి కుదుటపడేదాకా పక్కనే కూర్చుంది.