గింజ తింటే ఔట్

రెండో రోజు కూడా జ్యోతిలక్ష్మిని గోడౌను గేటు దగ్గరే ఆపేశారు. ఏటా వేసవిలో విత్తనం వేరుశనగ కాయలు ఒలిచే పని ఆమెకు అక్కడే దొరికేది. మిషన్‌లో వేస్తే గింజ బద్దలవుతుంది, బద్ద మొలవదు. అందుకే విత్తనానికి ఆడవాళ్ల గోళ్లే కావాలి. కిలో గింజలకు పది రూపాయలు. ఇంతకన్నా చవకైన యంత్రం లోకంలో ఎక్కడుంది? తల్లీ కూతురూ పొద్దుగూకేదాకా కూర్చుంటే ఇంట్లోకి బియ్యం, నూనె వచ్చేవి. ఈసారి వ్యాపారి చంద్రమోహన్ బయటికి కూడా రాలేదు. ఈ యేడు ఒలిపించేది లేదు పొమ్మని కాపలా మనిషితో చెప్పించాడు.

వట్టి చేతులతో, మాడిన నెత్తితో ఇంటికొచ్చిన ఆమెను ఎనిమిదేళ్ల కూతురు చైతన్య గుమ్మంలోనే పట్టుకుంది. ఊరి గ్రంథాలయంలో పిల్లల వేసవి పండుగంట, ఈ రోజు ఇంట్లోవాళ్లతో కలిసి రావాలంట, కథ చదివిస్తారంట, మజ్జిగ కూడా పోస్తారంట. నాయన బళ్లారి దిక్కు ఇటుక బట్టీకి పోయి ఉన్నాడు కనుక అమ్మే రావాలని తీర్పు కూడా ఆ పిల్లే చెప్పేసింది. దానికి పెద్ద కోరికేమీ లేదు. అక్కడి గాజు బీరువాలో ఎలుగుబంటి బొమ్మ పుస్తకం ఒకటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పైకి చదవాలి, అంతే. పని ఎలాగూ లేదు, పద పోదామంది తల్లి.

గ్రంథాలయం హాలు నిండిపోయింది. వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు. నిన్నా ఈ రోజూ గోడౌను గేటు దగ్గర తిరుగుముఖం పట్టినవాళ్లే చాలామంది. గోడకు కట్టిన ఫ్లెక్సీలో పిల్లల బొమ్మలకన్నా చంద్రమోహన్ ముఖమే పెద్దదిగా ఉంది. లైబ్రేరియన్ నరేంద్ర బీరువా తెరిచి ఎలుగుబంటి పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. చైతన్య చెయ్యి చాచింది. ముందు ఆట, తర్వాతే కథ అంటూ అతను ఆ చేతిని పక్కకు నెట్టాడు.

ఆట ఏమిటో ఆటో వచ్చాక తెలిసింది. బస్తాలు దించారు, చేటలు దించారు. ప్రతి కుటుంబం ముందూ వేరుశనగ కాయలు కుప్ప పోశారు. ముందుగా ఒలిచిన వాళ్లకు స్టీలు డబ్బా బహుమతి. పిల్లలు కేరింతలు కొట్టారు. ఆడవాళ్లు కూడా నవ్వుకుంటూ కొంగులు బిగించారు. చేతనైన పనిలో పోటీ పెడితే ఎవరికి హుషారు రాదు? జ్యోతిలక్ష్మి కూడా కూతుర్ని పక్కన పెట్టుకుని కూర్చుంది.

నరేంద్ర మైకు పట్టుకున్నాడు. "గింజ పగలగూడదు. పైపొర లేయగూడదు. పగిలితే మార్కులు కట్. పిల్లోళ్లు గింజ తింటే ఆ ఫ్యామిలీ ఔట్."

జ్యోతిలక్ష్మి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆటకైతే గింజ పగిలితేనేం, పిల్ల ఒకటి నోట్లో వేసుకుంటేనేం? గేటు దగ్గర లేదన్న పనే ఇది. కూలి ఒక్కటే లేదు. పక్కన, తనతోపాటు ఏటా గోడౌనులో ఒలిచే లక్ష్మీనరసమ్మ అప్పటికే సగం చేట నింపేసి, వేళ్లు ఎర్రబడిన కొడుకును కానీ కానీ అని తొందరపెడుతోంది.

"అన్నా, ఇవి ఇత్తనం చెనిక్కాయలు గదా," ముందు వరస కుర్చీలో ఉన్న చంద్రమోహన్‌ను చూసి అంది జ్యోతిలక్ష్మి. "ఈ యేడు ఒలిపించేది లేదని చెప్పిస్తివే."

చంద్రమోహన్ నవ్వాడు. ఫ్యాను కింద కూర్చోబెట్టి, మజ్జిగ పోసి, పిల్లలకు ఆట చూపిస్తే దానికీ వంకేనా అన్నాడు. "పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని కొట్లాడినట్టుండాది నీ యవ్వారం."

కొందరు నవ్వారు. నవ్వని వాళ్లు తలలు వంచుకుని ఒలిచారు. వచ్చే యేడు గేటు తెరవాల్సింది అతనే మరి. నోరు మూసుకుంటే తనకూ తెరుస్తాడేమో. ఇంకొక్క మాట అంటే ఇక ఎన్నటికీ తెరవడని జ్యోతిలక్ష్మికి తెలుసు. భయం వేసింది. ఆ భయంతోనే కాయ చిట్లించి, రెండు గింజలూ తీసి కూతురి నోటి దగ్గర పెట్టింది.

"తిను పాపా."

చైతన్య డబ్బా వైపు చూసింది, తల్లి ముఖం చూసింది, నోరు తెరిచింది. నరేంద్ర విజిల్ ఊది, ఔట్ అని అరిచాడు.

"ఔటైనాం గదా, ఇంగ మాకు ఆట లేదు. కథ చదువుకుంటాం," అంటూ జ్యోతిలక్ష్మి లేచి, బల్ల మీది పుస్తకం తెచ్చి పిల్ల ఒళ్లో పెట్టింది.

గింజలు నములుతూనే, అక్షరాలు కూడబలుక్కుంటూ చైతన్య పైకి చదవసాగింది. పుస్తకం లాక్కోమన్నాడు చంద్రమోహన్. నరేంద్ర రెండడుగులు వేసి ఆగిపోయాడు. లక్ష్మీనరసమ్మ కొడుకు ఒలవడం ఆపి కథ వైపు తిరిగాడు. వాణ్ని మొట్టడానికి తల్లి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి మెల్లగా దించి, చేటలోంచి ఒక గింజ తీసింది. దాన్ని కొడుకు పెదవుల దగ్గర పట్టుకుని, చంద్రమోహన్ వైపు చూసింది.