నీళ్ళు కనిపించని ఊరు

ఉప్మా అడుగంటిన వాసన వచ్చేదాకా ముత్తమ్మ ఈ లోకంలో లేదు. గబుక్కున గిన్నె దించి, కొంగుతో మొహం తుడుచుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ లేడీస్ హాస్టల్‌లో ఆమె వంట చేయబట్టి పదేళ్ళు దాటింది. ఆమె చేతిలో ఉప్మా మాడడం ఎవరూ చూడలేదు.

"ఏవైంది ముత్తమ్మా, ఒంట్లో బాలేదా?" హాస్టల్ ఓనరు జోగారావు వంటగది గుమ్మంలోంచి తొంగిచూశాడు. భీమవరం మనిషి. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి ఆయన గొంతు బాగా తగ్గిపోయింది.

"ఏం లేదు సార్. ఇయ్యాల చేపలు ఏడ దొరుకుతయ్?"

ఆయన నవ్వేశాడు. "బాగుంది వరస. బస్సుల్లేవు, కరెంటు లేదు, సగం మంది పిల్లలు ఊళ్ళకెళ్ళిపోయారు. నీకు చేపల పులుసు కావాల్సొచ్చిందా?"

"నాకు కాదు సార్. మా అమ్మ అడిగింది."

జోగారావు నవ్వు ఆపేశాడు. ముత్తమ్మ అమ్మ అనేది కౌసల్యమ్మనని, ఆ ముసలావిడ మంచం పట్టిందని ఆయనకు తెలుసు. "గిన్నెలు అలాగే వదిలెయ్. వెళ్ళు," అన్నాడు.

దవాఖానలో చేసేదేమీ లేదని, ఇంటికి తీసుకుపొమ్మని చెప్పి వారమైంది. అప్పటినుంచి కౌసల్యమ్మ గొంతులోకి చెంచాడు గంజి తప్ప ఏమీ దిగలేదు. ఈ తెల్లవారుజామున మాత్రం కళ్ళు తెరిచి, నిద్రలేచిన మనిషిలా స్పష్టంగా అడిగింది.

"కాసింత చేపల పులుసు కాచి పెట్టవే ముత్తీ. సముద్రం చేప."

కౌసల్యమ్మ చేప ముట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇప్పుడడిగిందంటే ఇక ఎక్కువ సమయం లేదన్నమాట.

సరూర్‌నగర్ చేపల దుకాణాల దగ్గర బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒకావిడ మాత్రం కత్తిపీట ముందేసుకుని ఊరికే కూర్చుంది.

"చెరువు చేప గూడ లేదక్కా. సముద్రం చేప ఏడికెల్లి తేవాలె? బందరు బండ్లు ఎల్బీనగర్ అవతలనే ఆగిపోతున్నయ్. రోడ్డు మీద మనోల్లు పొయ్యిలు పెట్టిన్రు గదా!"

ముత్తమ్మ అక్కడే నిలబడిపోయింది. మధ్యాహ్నం ఆ పొయ్యిల దగ్గర వండాల్సింది తనే.

ఎల్బీనగర్ వైపు నడక మొదలుపెట్టింది. సందు చివర, ఇళ్ళ మధ్య నుంచి సరూర్‌నగర్ చెరువు తళుక్కుమంది. ఈ పక్కకు ఎప్పుడొచ్చినా కౌసల్యమ్మ కళ్ళు మూసుకునేది. "అయిపోయిందా?" అని అడిగి మరీ తెరిచేది.

దివిసీమను ఉప్పెన ముంచిన ఏడాది ముత్తమ్మకు ఇరవై నిండలేదు. మొగుడు వదిలేస్తే నల్లగొండ నుంచి హైదరాబాదు వచ్చి ఒక అనాథాశ్రమం వంటింట్లో పనిచేస్తోంది. దివిసీమకు వాలంటీర్లు కావాలి, వంట వచ్చినవాళ్ళు ఎవరొస్తారని సేవా సంఘం వాళ్ళు అడిగితే చెయ్యెత్తింది. సముద్రం ఎలా ఉంటుందో చూడాలని. అంతకు మించి కారణం లేదు.

లారీ దిగేసరికి సముద్రం ఏమీ ఎరగనట్టు దూరంగా మెరుస్తోంది. ఇళ్ళుండాల్సిన చోట తాటి మొద్దులు పడున్నాయి. ఆ పల్లెపాలెంలో మిగిలినవాళ్ళు టార్పాలిన్ల కింద కూర్చుని, వచ్చిన వాలంటీర్ల వంక చూశారు. ఎవరూ పలకరించలేదు.

మొదట్లో ఏదీ చేతకాలేదు. ఇసుకలో చెప్పులు కూరుకుపోయేవి. బావినీళ్ళు ఉప్పగా ఉండి జుట్టు అట్టకట్టేది. రాత్రంతా ఎవరో బరువైన సామాను ఈడుస్తున్నట్టు అలల చప్పుడు. ఆమె "గిట్ల గాదు, గట్ల" అంటే చాలు, పిల్లలు అదే పాటగా వెంటపడేవాళ్ళు. ఉప్పెన తర్వాత ఆ పిల్లలు నవ్వడం అదే మొదలని ఎవరో చెబితే, ఆమె కావాలనే ఇంకా గట్టిగా అనేది. నెల తిరిగేసరికి అందరికీ నల్గొండక్క అయిపోయింది.

ఆ గర్వంలోనే తప్పు చేసింది. చేపలు పట్టి బతికేవాళ్ళకి రోజూ పప్పన్నమేనా అని జాలిపడి, సామాను లారీ వాళ్ళను బతిమాలి బందరు నుంచి గంపెడు చేపలు తెప్పించింది. పెద్ద డేగిశాలో పులుసు పెట్టింది. విస్తర్లలో వడ్డించింది. ఒక్క చెయ్యి కూడా కదల్లేదు.

ఉప్పు ఎక్కువైందనుకుంది. ఎదురుగా కూర్చున్నావిడ విస్తరి పక్కకు జరిపింది. అప్పటికి పేరు కూడా తెలియదు.

"ఉప్పు సరిగానే ఉంటదిలేవే పిల్లా. నా కొడుకు దొరకలేదు. వాణ్ణి ఏ చేప తిన్నదో ఏంటో. ఎట్టా తినను చెప్పు?"

ముత్తమ్మ ఆ డేగిశా గోతిలో బోర్లించి, వంటపాక వెనక కూర్చుని ఏడ్చింది. వెతుక్కుంటూ వచ్చి పక్కన కూలబడింది కూడా ఆవిడే. కౌసల్యమ్మ. "నీ తప్పేముందే, సముద్రం ఎరగని మెట్ట ఊరిదానివి," అంది. ఆ రాత్రి నుంచి ఇద్దరిదీ ఒకటే చాప.

మరుసటి ఏడాదికి పాలెం మళ్ళీ పడవలెక్కింది. పొయ్యిల మీద మళ్ళీ చేపలు ఉడికాయి. పులుసులో గరిటె పెట్టకూడదని, గిన్నె పట్టుకుని కదపాలని కౌసల్యమ్మే నేర్పింది. తను మాత్రం ముట్టలేదు. రెండేళ్ళ తర్వాత ముత్తమ్మ తిరుగు ప్రయాణం కట్టిన రోజు, మూటతో సహా వచ్చి బస్సెక్కి కూర్చుంది.

"పొద్దున్న లేస్తే ఆ నీళ్ళే కనపడతన్నాయే. నీళ్ళు కనపడని ఊరికి తీసుకుపో నన్ను."

అప్పట్లో ఎల్బీనగర్ అంటే రాళ్ళూ, సర్కారు తుమ్మలూ. చుట్టూ చూసి, "ఈ ఊరు బాగుంది," అంది కౌసల్యమ్మ.

ఎల్బీనగర్ చౌరస్తాలో పొగ కమ్ముకుని ఉంది. హైవేకి అడ్డంగా రాళ్ళ పొయ్యిలు, వాటి మీద డేగిశాలు, డప్పులు. రోడ్డు ఆపడం, అక్కడే వండడం, తాము తినడం, ఆగిపోయిన వాళ్ళకు పెట్టడం. వంటావార్పు అంటే అదే. పనులన్నీ చూస్తున్నది పక్క సందులో ఉండే మహేందర్.

"ఏంది పెద్దమ్మా, గింత లేటు? మీ ఆంధ్రమ్మ రానియ్యలేదా?" అని నవ్వాడు.

ఇది పాత వేళాకోళమే. రాష్ట్రం వస్తే నీకు వీసా అడుగుతామని అతను కౌసల్యమ్మను ఏడిపించేవాడు. "వీసా మీ అమ్మనడగరా, నా చేతి చారు తాగి పెరిగినోడా," అని ఆవిడ గరిటె ఎత్తేది. మంచం పట్టాక ఆ మాటలు ఆగిపోయాయి.

ముత్తమ్మ నవ్వలేదు. అన్నం దించింది, పప్పుచారు పోపు పెట్టింది. లారీల వాళ్ళకు ఎవరు వడ్డిస్తారని మహేందర్ అడిగితే, తనే విస్తర్లు చేతిలోకి తీసుకుంది. ఒక ఆడమనిషి వెనకాల అన్నం గంప మోసింది.

చింతలకుంట దాకా బండ్లు బారులు తీరి ఉన్నాయి. సిమెంటు, బొగ్గు, కొబ్బరికాయలు. ఒక్కో డ్రైవరుకూ వడ్డిస్తూ, ఒక్కో బండి వెనకా చూస్తూ నడిచింది. ఇంట్లో కౌసల్యమ్మ దగ్గర పక్కింటి ఈరమ్మను కూర్చోబెట్టి వచ్చింది. ఈపాటికి ఎలా ఉందో.

ముందు నీచు వాసన తగిలింది. తర్వాత తారు మీద చుక్కలు చుక్కలుగా కారుతున్న నీళ్ళు కనిపించాయి. తెల్లటి వ్యాను. అద్దాలన్నీ ఎక్కించుకుని, లోపల చెమటతో తడిసి కూర్చున్నాడు డ్రైవరు.

"అన్నం తిను బిడ్డా."

అతను అద్దం జానెడు దించాడు. "వద్దమ్మా. మీవాళ్ళు పోనిస్తే అదే చాలు."

"మావోల్లు పొద్దుగూకేదాక పోనియ్యరు. కడుపు ఆగుతదా గందాక?"

అతను దిగి, బండి నీడలో కూర్చుని ఆబగా తిన్నాడు. పేరు వెంకట్రావు. బండి బందరుది. ముత్తమ్మ రెండోసారి వడ్డించి అప్పుడడిగింది. "ఒక్క చేప కావాలె బిడ్డా."

వెంకట్రావు చెయ్యి ఆగిపోయింది. "తలుపు తీస్తే ఐసు కరిగిపోద్దమ్మా. పైగా ఇంతమంది జనం. ఎగబడితే ఓనరుకి నేనేం చెప్పుకోను?"

"మా అమ్మది దివిసీమ. ఉప్పెనల కొడుకు పోయిండు. ఆనాటి సంది చేప ముట్టలే. ఇయ్యాల అడిగింది. రేపటికి ఉంటదో లేదో."

అతను విస్తరి కింద పెట్టాడు. "మా అమ్మమ్మ కూడా ఉప్పెన తర్వాత ఏడాది పైన ముట్టలేదంట," అన్నాడు మెల్లగా. లేచి తాళం తీశాడు.

తలుపు కిర్రుమనగానే నలుగురు కుర్రవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "అరే, చేపలురో! పప్పుచారు ఎందుకు, దించున్రి!" ఒకడు అప్పటికే పెట్టె మీద చెయ్యి వేశాడు. ముత్తమ్మ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. వెనక ఇంకా మంది వస్తున్నారు. వెంకట్రావు మొహం పాలిపోయింది.

"ఏంది లొల్లి?" మహేందర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"అమ్మ చేప అడిగింది మహేందరూ."

"ఎవరు, కౌసల్యమ్మనా? ఆ ముసల్ది చేపంటే ఆమడ దూరం ఉరుకుతది గదా..." అని ఆగిపోయాడు. ముత్తమ్మ మొహంలోకి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఎవ్వలు చెయ్యి పెట్టొద్దు. మనం అన్నం పెట్టనీకి వచ్చినం, గుంజుకోనీకి కాదు. పోన్రి, పోయి డప్పు కొట్టున్రి!"

కుర్రవాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. వెంకట్రావు జానెడు పొడవున్న రెండు కానాగంత చేపలు తీసి కాగితంలో చుట్టి, గుప్పెడు ఐసు ముక్కలు పోసి ఇచ్చాడు. ముత్తమ్మ చెంగు ముడి విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అమ్మకి బందరు నుంచి వచ్చినయ్యని చెప్పు," అన్నాడు.

ఆమె పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది. "మెలుకతోనే ఉన్నది, నిన్నే అడుగుతున్నది," అంది ఈరమ్మ, లేచి తన ఇంటికి వెళుతూ.

చింతపండు పిసికింది. కారం, మెంతిపొడి వేసింది. గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని కదిపింది. గది నిండా పాలెం వాసన.

కౌసల్యమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టి, పళ్ళెం ఒళ్ళో పెట్టింది. ఆవిడ చేప వంక చాలాసేపు చూసింది. పక్కకు జరిపేస్తుందేమోనని ముత్తమ్మ పళ్ళెం అంచు పట్టుకుంది.

ఎండిన వేళ్ళు కదిలాయి. చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"మెంతిపొడి ఎక్కువేశావే."

"తినుకుంటనే వంకలు పెడతవ్."

"తింటన్నా కాబట్టే పెడతన్నా." ఇంకో ముక్క తింది. మూడోది మింగలేక నెమ్మదిగా నమిలింది. తర్వాత తినడం ఆపి, రెండో చేపను ముందుకు లాక్కుంది. వేళ్ళు వాటంతట అవే పనిచేస్తున్నట్టు ముళ్ళు ఒలుస్తూ, మెత్తటి కండను పళ్ళెం అంచున పేరుస్తోంది. పోయిన కొడుకు గుర్తొచ్చాడా?

"గది ఎవ్వరికమ్మా?"

"నీకే. ఇన్నేళ్ళయినా ముళ్ళు తీసుకోడం రాలేదు నీకు. ఎప్పుడో గొంతులో ఇరికించుకుంటావు. మంచినీళ్ళు తెచ్చుకుని కూకో, తిందువుగాని."

ముత్తమ్మ లేచి, వాకిట్లో కుండలోంచి నీళ్ళు ముంచుకుంది. చౌరస్తా వైపు నుంచి డప్పుల చప్పుడు సన్నగా వినిపిస్తోంది. చెంబుతో లోపలికి వచ్చింది. కౌసల్యమ్మ తల గోడకు ఆని ఉంది. వేళ్ళు పళ్ళెంలోనే ఉన్నాయి.

"అమ్మా," అంది. ఇంకోసారి అనలేదు.

కాసేపటికి ఈరమ్మ వచ్చింది, సందంతా వచ్చింది. మహేందర్ వచ్చి, మెడలో ఉద్యమ కండువా తీసి జేబులో పెట్టుకుని, పాడె కట్టడానికి వెదురు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడానికి వెళ్ళాడు. ఎవరో పళ్ళెం తీయబోతే ముత్తమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

పళ్ళెం అంచున, ఒక్క ముల్లు కూడా లేకుండా ఒలిచి పెట్టిన చేప ముద్ద ఇంకా వెచ్చగానే ఉంది.