గ్లాసు కింద నలభై రూపాయలు

గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసు ఎత్తి, కింద ఉన్న రెండు ఇరవై నోట్లు తీసి కొంగున ముడేసుకుంది జమున. పోను ఆటోకు ఇరవై, రాను ఇరవై. రోజూ పొద్దున ఐదున్నరకు అత్త సమ్మవ్వ అక్కడ పెట్టేది అంతే. నాలుగేళ్లలో ఆటో చార్జీ పెరిగినప్పుడు తప్ప ఆ మొత్తం పెరగలేదు.

"వచ్చేటప్పుడు నడ్శి రారాదు?" మంచంలోంచే అంది సమ్మవ్వ.

"మోకాళ్లు గుంజుతున్నయి అత్తా."

"కూసుండి లైట్లిచ్చేదానికి మోకాళ్ల నొప్పులట!"

మరిది భూపాల్ కూడా జమున పనిచేసే గనిలోనే కాంట్రాక్టు కూలీ. బండి మీద పోతాడు. వదినను వెనక ఎక్కించుకోవడం అతనికి నామోషీ.

ఆమె భర్త మొగిలి గనిలో చనిపోయాక ఆ కొలువు తమ్ముడికే రావాలని ఇంట్లో అందరూ పట్టుబట్టారు. కంపెనీ రూలులో ముందు భార్య పేరుంది. పెద్దమనుషులు కూర్చుని తేల్చారు: కొలువు జమున చెయ్యాలి, జీతం పడే ఏటీఎం కార్డు భూపాల్ దగ్గర ఉండాలి. ఆ రోజు జమున తల ఎత్తలేదు. దాన్నే ఒప్పుకోలు కింద కట్టేశారు.

ఆమె పని ల్యాంపు రూములో. ఒక కిటికీ, గోడ పొడవునా చార్జింగు పెట్టిన టోపీ లైట్లు, పక్కనే నంబర్ల వరుసలో కొక్కేలు కొట్టిన చెక్క పలక. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి లైటు తీసుకోవాలి. బిళ్ళ కొక్కేనికి వేలాడుతుంటే మనిషి భూమి కింద ఉన్నట్టు. కొక్కెం ఖాళీ అయితే పైకి వచ్చినట్టు.

చేరిన కొత్తలో ఆరుకూ తొమ్మిదికీ తేడా తెలిసేది కాదు. ల్యాంపు రూముకు పెద్దగా ఉన్న మార్కు అనే ఆయన ఖాళీ అట్టల మీద అంకెలు గీసి నేర్పాడు. అంకెల తర్వాత అక్షరాలు, అక్షరాల తర్వాత సంతకం. అంతా వచ్చిందనుకునేసరికి పోయినేటి నుంచి చూపు మసకబారింది. అద్దాలు కావాలని మూడుసార్లు అడిగితే భూపాల్ నవ్వాడు. "ల్యాంపు రూముల పేపరు చదువుతవా వదినా?" ఆ నెలే తన బండికి కొత్త సీటు వేయించాడు.

మొన్న సోమవారం ఒక మనిషికి వేరే నంబరు లైటు ఇవ్వబోయి చేయి వెనక్కి తీసుకుంది. ఆ సాయంత్రమే బ్యాంకుకు పోయి వరుసలో నిలబడింది. భూపాల్ దగ్గరున్న కార్డును బందు పెట్టించింది. సంతకం పెట్టి డబ్బు తీసుకుని చౌరస్తాలో అద్దాలు కొన్నది. టిఫిను సంచిలో దాచి, కిటికీ దగ్గర మాత్రమే పెట్టుకుంటోంది.

ఏడింటి షిఫ్టుకు వరుస కదులుతోంది. భూపాల్ కిటికీలోకి చెయ్యి చాపాడు.

"బిళ్ళ ఇంట్ల మర్శిన. లైటియ్యి, జల్ది." అప్పుడు చూశాడు ఆమె మొహం. "గా అద్దాలెక్కడియి?"

"కొన్న."

"పైసలెవడిచ్చిండు?"

వెనకనుంచి ఎవరో అన్నారు. "మీ వదిన పంతులమ్మ అయింది భూపాల్! సప్పుడు చెయ్యకు, గుంజీలు తీపిస్తది."

వరుసంతా నవ్వింది.

"బిళ్ళ తెచ్చుకో పో," అంది జమున.

"ఇంటికి పోయొచ్చేవరకు గేటు మూస్తరు. మస్టరు పోతది, దినం కూలి పోతది."

"పోనీ."

"నా అన్న పాణం పోతే వచ్చిన కొలువు గిది. యాదికున్నదా?"

జమున చేయి ఆగింది. ఆ రోజు మొగిలి కూడా బిళ్ళ మరిచి వచ్చాడు. తెలిసినవాడే కదా అని అప్పుడు కిటికీలో ఉన్న మనిషి లైటిచ్చాడు. లోపల కప్పు కూలింది. పలక మీద మొగిలి కొక్కెం ఖాళీ. అందరూ పైకి వచ్చినట్టే అనుకున్నారు. పొద్దు వాలాక జమున గని గేటు దగ్గరికి వచ్చి అడిగేదాకా ఎవరూ వెతకలేదు. బిళ్ళ మాత్రం ఇంట్లో, దండేనికి వేలాడే అంగీ జేబులో క్షేమంగా ఉంది.

"యాదికున్నది. అందుకే ఇయ్య," అంది. "పక్కకు జరుగు. ఎనుకున్నోళ్లకు ఆల్శమైతంది."

అతను కిటికీ చువ్వల మీద ఉమ్మి పోయాడు. జమున బట్ట తడిపి తుడిచింది.

వెనక బల్ల దగ్గర మార్కు, రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "ఇగ ఇంటికాడ నీ పని ఖతం చెల్లె."

"ఎరికే మార్కన్న."

మూడున్నరకు ఇల్లు చేరేసరికి భూపాల్ గడపకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. అద్దాలు చూసి అనుమానమొచ్చి ఏటీఎంకు పోయి వచ్చాడు.

"కార్డు పనిచేస్తలేదు. ఏం చేసినవ్?"

"బందు పెట్టిచ్చిన."

"మొగని కొలువు తిని కొమ్ములు మొలిచినయే నీకు!" సమ్మవ్వ నెత్తి కొట్టుకుంది. "కార్డన్న మల్ల చాలు చేపియ్యి, ఇల్లన్న ఇడ్శిపెట్టు."

"ఎల్తున్న."

ఆ మాట అంత తొందరగా వస్తుందని తల్లీకొడుకులు అనుకోలేదు. జమున సంచిలోంచి తాళంచెవి తీసి చూపించింది. కంపెనీ పాత క్వార్టరు. ఒకటే అర్ర, వానకు కురుస్తుంది, ఎవరూ తీసుకోలేదు. వారం కింద తన పేరు మీద రాయించుకుంది. రెండు చీరలు, ఒక గిన్నె, కంచం మూట కట్టింది.

"మరి నా బువ్వ?" సమ్మవ్వ గొంతు మారింది.

"ఇస్త. వచ్చి అడుగు," అంది జమున. "నాలుగేండ్లు నేను అడగలేదా?"

అది అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. వెనక్కి తీసుకోలేదు. బయట ఆటోవాడు ఎనభై అడిగితే బేరం చెయ్యకుండా ఎక్కింది. ఎక్కువిచ్చానని దారి పొడుగునా తననే తిట్టుకుంది.

మర్నాడు పొద్దున ఐదున్నరకు సమ్మవ్వ లేచి, అలవాటు కొద్దీ గూటి దగ్గరికి పోయి, నోట్లు పెట్టి వచ్చి పడుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, జమున లేదని. మళ్లీ లేచి వాటిని తీయలేదు. ఎండ గూటి దాకా పాకింది. స్టీలు గ్లాసు కింద రెండు ఇరవై నోట్లు, ఫ్యాను గాలికి అంచులు లేస్తూ పడుతూ, అక్కడే ఉన్నాయి.