మట్టిలో పైలట్ ముఖం

ఊరికి ఆలస్యంగా బుద్ధి పుట్టింది. యుద్ధం ముగిసిన ఇన్నేళ్లకు, బాంబర్ విమానం నడిపిన పైలట్‌కి విగ్రహం పెడదామన్నారు. మంటలంటుకున్న విమానాన్ని ఒక్కడే పట్టుకుని కూర్చుని, తోటివాళ్లంతా పారాచూట్లతో దూకేదాకా కూలిపోకుండా నిలిపి, తను దానితోపాటే పోయినవాడు. పతకం ఇంటికొచ్చింది, మనిషి రాలేదు.

ఫొటోలన్నీ యుద్ధంలో ఇంటితోపాటే కాలిపోయాయి. మిగిలిన ఒక్క గుంపు ఫొటోలో అతని ముఖం బియ్యపుగింజంత. దాంతో పని జరక్క శిల్పి పైలట్ భార్యను పిలిపించాడు. భార్య అంటే అప్పటి భార్య. తర్వాత కొన్నేళ్లకు ఆవిడ ఒక దర్జీని పెళ్లి చేసుకుంది. అయినా ఊరు ఇప్పటికీ ఆవిడని పైలట్ గారి భార్యనే అంటుంది. ఆ ఇంట్లో దర్జీ అనే మానవుడొకడు కాపురం చేస్తున్నాడని ఎవరికీ పట్టదు.

వారంగా ఆవిడ షెడ్డులో కూర్చుని చెబుతోంది, శిల్పి మట్టి దిద్దుతున్నాడు.

“ముక్కు కొస కాస్త లావుండాలి బాబూ.”

“ఇలాగా అమ్మా?”

“ఊఁ. కింది పెదవి కొంచెం లోపలికి. ఎప్పుడూ అలా బిగబట్టే ఉండేవాడు.”

రేపు అచ్చు పోస్తారు. పైలట్‌కి ముందూ వెనకా ఎవరూ లేరు. అతని ముఖం గుర్తున్నది తనొక్కతికే, ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాననుకుని ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే దర్జీ భోజనం క్యారియర్ పట్టుకుని లోపలికొచ్చాడు. శిల్పి వేళ్లు ఆగిపోయాయి. మట్టివైపు చూశాడు, మనిషివైపు చూశాడు. ఆవిడా చూసింది. కుట్టుపనిలో గుండుసూదులు పెదాల మధ్య పట్టీ పట్టీ లోపలికి పోయిన ఆ పెదవి ఎవరిదో తెలిసొచ్చింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

“చెరిపెయ్ బాబూ,” అంది.

దర్జీ మాత్రం బల్ల చుట్టూ తిరిగి చూస్తున్నాడు. ఛాతీ మీద పతకం, పైన తన ముఖం. ఇన్నేళ్ల కాపురంలో ఆయన అంత నిటారుగా నిలబడటం ఆవిడ చూడలేదు.

“ఉంచెయ్యకూడదా? ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు మెల్లగా, అడగరానిది అడిగినవాడిలా.

ఎటు చూసినా తప్పు ఆవిడదే. పోయినవాడి ముఖం పోగొట్టుకుంది. ఉన్నవాడిని ఇన్నాళ్లూ పతకం వెనక నిలబెట్టింది.

“పోయినాయనకి నేను తప్ప ఎవరున్నారండీ,” అంది భర్తతో.

“మరి ఆయన ఎలా ఉండేవారమ్మా?” అని అడిగాడు శిల్పి.

ఆవిడ కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

“తెలియట్లేదు,” అంది.

తడిగుడ్డ అందుకుని లేచింది గానీ చెయ్యి ముందుకు రాలేదు. దర్జీ ఆవిడ చేతిలోంచి గుడ్డ తీసుకుని, తన ముక్కూ తన పెదవీ తనే తుడిచేశాడు. ఆవిడ వద్దనలేదు.